పాప మాడు

మెట్ల మీద అత్తగారు కాలు జారి పడినప్పుడు, ఆమె చేతుల్లో ఉన్న పాప తల గోడకు తగిలింది. ఆ పూట ఏడ్చి ఊరుకుంది. కొన్ని వారాలకు తాగిన పాలు తాగినట్టే కక్కడం మొదలుపెట్టింది. మాడు ఉబ్బింది, తల పెద్దదవుతోంది. తల్లి బస్సు కండక్టరు. డ్యూటీ మధ్యలో దిగిపోయి వచ్చి, పాపను ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తింది.

స్కానింగు చూసిన డాక్టరమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. దెబ్బ వల్ల మెదడు చుట్టూ నీరు చేరింది. మాడు పక్కనుంచి సన్నటి సూదితో తీశారు. పాప కళ్లు తేటపడ్డాయి. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకునేలోగా మళ్లీ నిండింది. మళ్లీ తీశారు. మళ్లీ నిండింది.

"ఇక సూదితో లాభం లేదు. ఆ నీరు కడుపులోకి దిగిపోయేలా లోపల సన్న గొట్టం వేయాలి. అవసరం తీరాక తీసేయొచ్చు," అంది డాక్టరమ్మ.

వార్డు బయట బావగారు అడ్డం నిలబడ్డాడు. ఆ ఇంట్లో ఆయన మాటకు ఎదురు లేదు.

"పసిగుడ్డు తలలో గొట్టమేంటమ్మా? అందులోనూ ఆడపిల్ల. రేపు నలుగురూ ఏమంటారు? తమ్ముడు ఓడ దిగి వచ్చేదాకా ఆగు."

"ఆయన వచ్చేదాకా ఆ నీరు ఆగుతుందా బావగారూ?"

"పెద్దవాణ్ణి చెబుతుంటే..."

"మీ పెద్దరికం ఇంటి దగ్గర. ఇక్కడ నేను దాని అమ్మని. పక్కకు జరగండి."

కిక్కిరిసిన బస్సులో జనాన్ని లోపలికి జరిపే గొంతు అది. ఆయన తనకు తెలియకుండానే జరిగాడు. జరిగాక కోపం వచ్చి, బెంచీ మీద కూర్చున్న తన తల్లివైపు తిరిగాడు.

"నువ్వైనా చెప్పవేంటమ్మా?"

పడిన నాటి నుంచి పాపను ముట్టుకోవడానికే భయపడుతున్న అత్తగారు కర్ర ఊతంగా లేచింది.

"చెబుతా. నోరు మూసుకుని కూర్చో. ఆ నలుగురూ వస్తే నా దగ్గరికి పంపు, నేను చూసుకుంటా."

కోడలు సంతకం పెట్టింది.

ఆపరేషనయ్యాక పాప పాలు తాగింది, కక్కలేదు. మాడు మెత్తగా దిగింది. ఇంటికి వచ్చిన రోజు బావగారు కుట్లు కనపడకుండా ఉంటాయని టోపీ తెచ్చాడు.

"గాలి తగలనివ్వండి బావగారూ. చూసేవాళ్లని చూడనివ్వండి," అంటూ ఆమె పాపను తీసుకెళ్లి అత్తగారి ఒళ్లో పెట్టింది. ముసలావిడ ఈసారి వద్దనలేదు.

ఆయన టోపీ జేబులో పెట్టుకున్నాడు. ఆనక వంగి పాప తలను దగ్గరగా చూడబోయాడు. పాప ఆయన కళ్లజోడు లాగేసింది.