కూలర్ అడుగున నీళ్లు

సెప్టెంబరు ఏడు, ఆదివారం. పక్క క్వార్టర్లో, అప్పలకొండ ఇంట్లో ఆనపకాయ పులుసు, వడియాలతో భోజనం చేస్తున్నాను. నా భార్య పోయాక ప్రతి ఆదివారం నాకు అక్కడే విస్తరి వేస్తారు.

పులుసు వడ్డిస్తున్న రోహిణి చేతిలో గరిటె గిన్నెకు టకటకా కొట్టుకుంది. ఈ హిందీ ఊళ్లోనే పుట్టి పెరిగిన అప్పలకొండ కూతురు, ఏడో నెల గర్భిణి. నెల కిందట పుట్టింటికి వచ్చింది. మాకు ఉక్కతో చెమటలు కారుతుంటే ఆమె దుప్పటి కావాలంది.

"మొన్న కూడా ఇలాగే వణికావా, అమ్మా?"

"హా అంకుల్. నిన్న మాత్రం బిల్కుల్ ఠీక్."

రోజు విడిచి రోజు చలిజ్వరం. మలేరియా ఏమో, వెంటనే రక్తపరీక్ష చేయించమన్నాను.

"నీరసమండి. జూలై వానకి కాలవలన్నీ కొట్టుకుపోనాయి, ఆగస్టంతా ఎండే. దోమలేటి, మలేరియా ఏటి? సదూకున్నోళ్లకి బెంగెక్కువ రావుగారూ!" అన్నాడు అప్పలకొండ.

అయినా ఆటో పిలిచాడు. ఆదివారమైనా ఆసుపత్రిలో రక్తం తీసుకున్నారు. రిపోర్టు సాయంత్రం ఇస్తామన్నారు.

ఇంటికొచ్చాక నేను కూర్చోలేకపోయాను. వాళ్ల పెరట్లో అటూ ఇటూ తిరుగుతూ, రోహిణి కిటికీకి బిగించిన కూలర్ దగ్గర ఆగాను. మా సెక్టర్లో దసరా దాకా ఎవరూ కూలర్ దించరు. ఉక్కపోసిన రాత్రి పనికొస్తుందని నీళ్లూ పారబోయరు. గడ్డి తడిక ఊడదీశాను. నీటి మీద సన్నటి పురుగులు బల్లపరుపుగా తేలుతున్నాయి.

"వాన కాలవల్ని కడిగింది కొండా, దీన్ని తాకలేదు. ఆపైన ఎండకు ఈ నీళ్లు వెచ్చబడ్డాయి. ఇలా అడ్డంగా తేలేవి మలేరియా దోమ పిల్లలే, త్వరగా ఎదిగాయి."

అతను తొంగి చూశాడు.

"సల్లగుంతాదని మా అమ్మి మంచం ఇటేపు నేనే జరిపినాను," అన్నాడు.

ఇద్దరం కూలర్ని ఎండిన గచ్చు మీద వంచేశాం.

సాయంత్రం రోహిణిని మళ్లీ తీసుకెళ్లాం. మలేరియానే. డాక్టరు పరీక్ష చేసేంతసేపూ అప్పలకొండ వరండాలో ఒక్కచోట నిలవలేదు. చివరికి నర్సు లూసీ బయటికి వచ్చింది.

"బిడ్డ గుండె బాగా కొట్టుకుంటోంది బాబాయ్. కడుపుతో ఉన్నవాళ్లకిచ్చే మందే ఇచ్చారు. రేపు మళ్లీ తీసుకురండి. ముందు మీరు కూర్చోండి, మిమ్మల్ని చూస్తే మాకు కళ్లు తిరుగుతున్నాయి!"

చీకటి పడేసరికి రోహిణికి చెమట పట్టి జ్వరం దిగింది. దోమతెరలో పక్కకు ఒత్తిగిలి నిద్రపోయింది. వీధిలో కిటికీ కిటికీకీ కూలర్లు కనిపిస్తున్నాయి.

"రేపు అన్నీ ఒంపించీద్దాం రావుగారూ. ఎవలు తిట్టినా సరే," అన్నాడు అప్పలకొండ గుసగుసగా.

కూతురి ఊపిరి కాసేపు విన్నాడు. తర్వాత చప్పుడు కాకుండా గది తలుపు దగ్గరగా వేశాడు.