నలభైమూడు పుట్టుకలు

తిమ్మప్ప రెండు చేతులతో కంప్యూటరు మీది గుడ్డ తీశాడు. దుమ్ము రాలకుండా నాలుగు కొసలూ లోపలికి మడిచి, బయటికి తీసుకెళ్ళి దులిపి, మడతపెట్టి బీరువా మీద ఉంచాడు. పొడిబట్టతో తెరను పైనుంచి కిందికి ఒకసారి, పక్కలకు ఒకసారి తుడిచాడు. మీటల పలకను మాత్రం ముట్టుకోలేదు. అది మాలతమ్మ సొత్తు. ఈ పని చెయ్యమని అతనికి ఎవరూ చెప్పలేదు. ఆరునెలల కిందట పెట్టెలు లారీ దిగిన రోజునుంచీ తనంతట తానే నెత్తిన వేసుకున్నాడు.

ఆ గదిలోకి చెప్పులతో రాకూడదని తలుపు మీద కాగితం అంటించి ఉంది. ఆ ఆఫీసులో దాన్ని మనస్ఫూర్తిగా పాటించేది తిమ్మప్ప ఒక్కడే. టైరుముక్కతో కుట్టించిన తన చెప్పుల్ని గడప పక్కన జతగా, వేళ్ళు రోడ్డువైపు ఉండేట్టు విడిచేవాడు. ఎవరు ఎక్కడికి పొమ్మన్నా కాళ్ళు దూర్చి పోవడమే. ఎడమచెప్పు వారు తెగితే రాగితీగతో కట్టుకున్నాడు. డిప్యూటీ తాసిల్దారు గోపాలస్వామి మాత్రం బూట్లతోనే లోపలికి వచ్చేస్తాడు. పెద్ద ఉద్యోగి, ఏమీ అనలేం. ఆయన వెళ్ళగానే తిమ్మప్ప తడిబట్ట తెచ్చి ఆ అడుగుల్ని తుడిచేసేవాడు.

పుంగనూరు నుంచి మదనపల్లె పోయే దారిలో ఉంది ఆ మండలాఫీసు. తిమ్మప్పది మైలు దూరంలోని చింతమాకులపల్లె. ఆ ఊరికి అతను తలారి. సర్కారు మాట ఊరికి మోయడం, ఊరి మాట సర్కారుకు మోయడం, ఇదే తలారి పని. తండ్రి మునెప్ప చేతికర్రను పంతొమ్మిదో ఏట అందుకున్నాడు. ఊళ్ళో ఎవరు పుట్టినా, ఎవరు పోయినా ఆ పూటే నడిచివెళ్ళి కరణానికి చెప్పాలి. కరణాలు పోయి ఏళ్ళయింది. తిమ్మప్ప మాత్రం చెప్పడం మానలేదు. ఆఫీసుకొచ్చి ఎవరు ఖాళీగా కనిపిస్తే వాళ్ళకు చెప్పి, తేలికైపోయి ఇంటికి పోయేవాడు.

ఇంట్లో పొద్దునే సంగటి, ఊరిబిండి పచ్చడి తిన్నాడు. అప్పటినుంచి ఎడమభుజం బరువుగా ఉంది. నిన్న మోసిన కాగితాల కట్ట పుణ్యమనుకుని, తువ్వాలు అటునుంచి ఇటు మార్చుకుని ఊరుకున్నాడు.

ఎనిమిదిన్నర బస్సుకు మాలతి దిగింది. మదనపల్లెలో డిగ్రీ చదివి, రోజుకూలీ మీద ఇక్కడ కంప్యూటరు నడిపిస్తున్న పిల్ల. చేతిలో అంచులకు చిల్లులున్న పొడుగాటి కాగితం మడత. కూర్చోకుండానే అంది.

"తిమ్మప్పన్నా, మీ ఊరి బియ్యం కార్డుల లిస్టు వెనక్కొచ్చింది. నలభైముగ్గురిని కొట్టేసింది."

"ఎవురు కొట్టేసింది?"

"ఇదే." కంప్యూటరు వైపు చూపించింది. "ఒకే పేరు, ఒకే తండ్రి పేరో మొగుడి పేరో, ఒకే ఊరు. రెండుసార్లు రాయించుకున్నారనుకుని ఒక్కరిని ఉంచి మిగతావాళ్ళను తీసేసింది."

తిమ్మప్ప నోరు తెరిచాడు. మూయడం మరిచిపోయాడు.

చింతమాకులపల్లెలో ప్రతి ఇంటి దేవుడూ మునీశ్వరుడే. అందుకని ఇంటికో మునెప్ప, వీధికో మునెమ్మ. మొక్కు తీరకపోతే మూడో బిడ్డకూ అదే పేరు. పెద్దోడు, చిన్నోడు, మొండోడు, బోరు దగ్గరోడు అని ఊరు ఊరంతా తికమకపడకుండా పిలుచుకుంటుంది. ఫిబ్రవరిలో గుమాస్తా ఇంటింటికీ తిరిగి పేర్లు రాసినప్పుడు పక్కన నిలబడి చెప్పింది తిమ్మప్పే. ఆ గుమాస్తా పెన్ను పట్టుకుని, "మొండి మునెప్ప అని రాయాలా?" అని అడిగాడు కూడా. తిమ్మప్ప నొచ్చుకున్నాడు. పోయి పోయి కంప్యూటరు లోపలికి పోయే పేరు. అంత గొప్పదాని ముందర మొండోడు, నత్తోడు అని చెబుతామా? మర్యాదగా మునెప్ప అనే రాయమన్నాడు. పెద్ద, చిన్న కూడా తీసేయించాడు. వయసు కాలమ్ దగ్గర ఎవరికీ తేదీ తెలియక గుమాస్తా గీతలు గీసుకుంటూ పోయాడు.

"నేనే సేసినానమ్మా," అన్నాడు తిమ్మప్ప. "మర్యాదకు పోయి నోటికాడి బియ్యం తీసేసినాను."

గోపాలస్వామి టీ గ్లాసుతో వచ్చాడు, బూట్లతో సహా. ఈ రోజు సాయంత్రం అయిదు గంటలకు మదనపల్లెలో లిస్టు మూసేస్తారని, ఆ తర్వాత పేరెక్కాలంటే మళ్ళీ ఎప్పటికో దేవుడికే తెలియాలని చెప్పాడు.

"మనుషులు వేరువేరని మాకు తెలుసప్పా. మిషనుకు తెలియాల గదా," అన్నాడు.

"ఎట్ల తెలస్తుందయ్యా దానికి?"

"వయసు చెబితే తెలుసుకుంటుంది," అంది మాలతి. "ఒకే పేరైనా వయసు వేరైతే వేరే మనిషి కింద పెట్టుకుంటుంది. కానీ నలభైముగ్గురి వయసులు ఇప్పటికిప్పుడు ఎవరు చెబుతారన్నా?"

తిమ్మప్ప ఆ పిల్ల మొహంలోకి చూశాడు. అతని మొహం మెల్లగా విచ్చుకుంది. నలభై ఏళ్ళుగా మోసుకొచ్చి చెబుతూ ఉంటే "సరే పోవయ్యా" అన్నవాళ్ళే తప్ప, ఇంకా చెప్పు అన్నవాళ్ళు లేరు. అడిగే నాథుడు ఇన్నాళ్ళకు దొరికాడు.

"కూకోమ్మా," అన్నాడు. "నేను సెప్తా."

గోడ వారగా గొంతుక్కూర్చుని మొదలుపెట్టాడు. వెంకటరమణప్ప పెండ్లాం మునెమ్మలు ఇద్దరు. వెంకటరమణప్పలూ ఇద్దరే, అది వేరే కథ. ఒక మునెమ్మ గంజి పోసిన కరువులో పుట్టింది. గంజి కోసం వరసలో నిలబడిన తల్లికి ఆడనే నొప్పులొచ్చినాయి. రెండో మునెమ్మ ఊరికి కరెంటు స్తంభాలు దించిన వారంలో పుట్టింది. స్తంభాలు పాతేవాళ్ళకు ఆ ఇంటినుంచే మజ్జిగ పోయేది, బిడ్డ పుట్టి మజ్జిగ ఆగిపోయింది. మాలతి ఒక చిత్తుకాగితం మీద గంజి కరువు యాభైరెండు, కరెంటు అరవైతొమ్మిది అని రాసుకుని లెక్కగట్టి మీటలు కొట్టింది. తెరమీద ఒక మునెమ్మ పక్కన నలభైఎనిమిది, ఇంకో మునెమ్మ పక్కన ముప్పైఒకటి వచ్చాయి.

"పట్టుకునిందా?"

"పట్టుకునిందన్నా."

తిమ్మప్ప లేచి వచ్చి తెరకు జానెడు దూరంలో నిలబడి చూశాడు. ఇద్దరు మునెమ్మలు ఒకరి కింద ఒకరు, ఎవరి వయసు వాళ్ళు పట్టుకుని పచ్చగా వెలుగుతున్నారు. అతనికి ఒళ్ళు పులకరించింది.

లక్ష్మయ్య కొడుకులు ముగ్గురు మునిరత్నాల దగ్గరికి వచ్చేసరికి గొంతు పెరిగింది. పెద్దోడు పుట్టిన రాత్రి వంక పొంగితే మంత్రసానిని తనే భుజాన ఎక్కించుకుని దాటించాడు. నడివంకలో ఆమె, "ఒరే తిమ్మా, నన్ను పడేస్తే నీ బిడ్డలకు ఎవురురా వచ్చేది?" అనింది. ఆ మాటకు నవ్వొచ్చి ఇద్దరూ పడబోయారు. నడిమోడు ఇందిరమ్మ పోయిన దినాన పుట్టాడు. రేడియో దగ్గర గుంపు కూడిన ఆడవాళ్ళు సగం ఆమెకోసం ఏడ్చి, సగం బిడ్డను చూసి నవ్వారు. కడగొట్టోడు పుట్టినపుడు ఏమీ కాలేదు. ఏమీ కాని సంవత్సరం అదొక్కటే కాబట్టి అదే గుర్తు అన్నాడు తిమ్మప్ప. మాలతి మీటల మీద చేతులుంచి పకపకా నవ్వింది.

ఆఫీసులో వేరే పనులమీద వచ్చినవాళ్ళు కిటికీ దగ్గర చేరారు. చేరినవాళ్ళు ఊరుకుంటారా? కాదు కాదు, అది ఆ ముందేడు అని ఒకడన్నాడు. తిమ్మప్ప వేలెత్తాడు. "ఆ యేడు మీ నాయన కాలు ఇరిగింది. కట్టు కట్టిచ్చింది నేను. నీకేం తెలుసు, నువ్వప్పుడు పుట్టనే లేదు." ఆ తర్వాత ఎవరూ దిద్దబోలేదు.

పన్నెండుకు కరెంటు పోయింది. అప్పటికి ఇరవైతొమ్మిది మంది లోపలికెక్కారు. రెండుకుగానీ రాదు. మూడుంబావుకు కుప్పం నుంచి మదనపల్లె పోయే బస్సు వస్తుంది. అది తప్పితే అయిదులోగా చేరే దారి లేదు.

"ఆగద్దమ్మా, కాగితం మీద రాస్తా ఉండు," అన్నాడు తిమ్మప్ప.

చీకటి గదిలో అతను చెబుతూ ఉంటే మాలతి రాసుకుంది. అతనికి చెమటలు పోస్తున్నాయని ఆ పిల్ల విసనకర్రలా అట్టముక్క ఇచ్చింది. అతను దాన్ని కంప్యూటరుకు విసిరాడు. నడుమ గబగబా సంగటి ముగించి, డబ్బా కడిగి ఎండలో బోర్లించి వచ్చాడు. రెండింటికి కరెంటొచ్చింది. రెండూయాభైకి నలభైరెండు అయ్యాయి.

"నలభైమూడోది నీదన్నా," అంది మాలతి. "తిమ్మప్ప, తండ్రి మునెప్ప. మీ అన్నా తిమ్మప్పే గదా, ఆయన్ను ఉంచింది, నిన్ను కొట్టేసింది. నువ్వెప్పుడు పుట్టినావు?"

తిమ్మప్ప తల గోక్కున్నాడు. కిటికీ దగ్గర నవ్వులు లేచాయి.

"అందురిదీ నేను సెప్పినానమ్మా. నాది మా నాయిన కరణానికి సెప్పింటాడు. నాకెట్ల తెలస్తుంది? అన్నకంటే మూడేండ్లు సిన్నోడినని అమ్మ అనేది."

"అన్న వయసెంత?"

"అది ఆయప్ప ఎప్పుడూ నన్నే అడగతాడు."

మాలతి నవ్వు ఆపుకుని యాభైతొమ్మిది అని కొట్టింది. అరవై వేయొద్దమ్మా, ముసిలోడనుకుంటుంది అని తిమ్మప్ప అప్పటికే బతిమాలుకున్నాడు. తర్వాత ఆమె ఇంకో మీట నొక్కింది. మిషను కాసేపు గురగురలాడి, రెండుసార్లు రాసిన పేర్లెన్ని అన్నచోట ఒక సున్నా చూపించింది.

"ఇదేనా?" అన్నాడు తిమ్మప్ప.

"ఇదే. అందరూ వేరువేరు మనుషులని ఒప్పుకుంది."

సున్నాను చూసి ఇంత సంతోషపడే మనిషిని మాలతి అంతకుముందు చూడలేదు. తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు, అదే తువ్వాలుతో తెర కూడా తుడిచాడు. ఆమె లిస్టు ఎక్కించి చేతికిచ్చిన నల్లటి పలచని ఫ్లాపీని అరచేతిలో పెట్టి బరువు చూశాడు.

"నలభైముగ్గురూ దీంట్లో పడినారా?"

"ఊరంతా పడతారన్నా."

ఎండిన సంగటిడబ్బాలో గుడ్డ పరిచి ఫ్లాపీని పడుకోబెట్టి మూత వేశాడు. మూత మీద మాలతి చీటీ అంటించింది: కార్డుల విభాగం, మదనపల్లె, సాయంత్రం అయిదులోగా. గోపాలస్వామి జీపు కోసం ఫోను తిప్పుతూనే ఉన్నాడు. ఇంతలో రోడ్డు మలుపులో బస్సు హారను మోగింది.

తిమ్మప్ప పరుగెత్తాడు. అరవై దగ్గరపడ్డ మనిషి పరుగు అది కాదు.

"అన్నా, చెప్పులు," అని గడపలోంచి అరిచింది మాలతి.

"వచ్చి ఏసుకుంటాలేమ్మా," అన్నాడు వెనక్కి తిరగకుండానే. కాలుతున్న తారుమీద ఎగిరెగిరి అడుగులేస్తూ పోయి బస్సెక్కాడు.

బస్సుపైన టమాటా గంపలు. లోపల మనుషులు, మనుషుల ఒళ్ళో గంపలు. కండక్టరు కిటికీ పక్కన చోటిప్పించి, డబ్బా కింద పెట్టమన్నాడు.

"కింద పెట్టకూడదప్పా. లోపల మనుషులుండారు."

కండక్టరు చీటీ చదివి విషయమడిగాడు. తిమ్మప్ప చెప్పాడు. గంజి కరువు మునెమ్మ నుంచి మొదలుపెట్టి మూడో మునిరత్నం దాకా వచ్చేసరికి ముందు సీట్లవాళ్ళు కూడా వెనక్కి తిరిగి వింటున్నారు. సున్నా వచ్చిన సంగతి చెప్పాక ఆయాసం తీర్చుకోవడానికి ఆగాడు. భుజం మళ్ళీ బరువెక్కింది. కిటికీలోంచి గాలి చల్లగా కొడుతోంది. కాళ్ళు చూసుకున్నాడు, అరికాళ్ళు బొబ్బలెక్కాయి. నవ్వుకున్నాడు. తల కిటికీ కమ్మీకి ఆనించాడు.

మదనపల్లెలో అందరూ దిగిపోయారు. అతను దిగలేదు. రెండు చేతులూ డబ్బా మీద ఉన్నాయి. కండక్టరు రెండుసార్లు పిలిచి, భుజం తట్టి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. డ్రైవరును డాక్టరు కోసం పంపించాడు. టైము చూశాడు. నాలుగూ నలభై. ఆ చేతుల కిందినుంచి డబ్బాను మెల్లగా తీసుకుని, ఆటో ఎక్కి, అయిదుకు ఎనిమిది నిమిషాలుండగా ఇచ్చేసి వచ్చాడు. అప్పటికి డాక్టరు చూసి వెళ్ళిపోయాడు. దారిలోనే ప్రాణం పోయింది, బాధపడి ఉండడు అన్నాడట.

పన్నెండో రోజున లిస్టు వచ్చింది. చింతమాకులపల్లె నలభైముగ్గురూ ఉన్నారు. చివర, తిమ్మప్ప, తండ్రి మునెప్ప, యాభైతొమ్మిది. గోపాలస్వామి ఆ పేరు మీద వేలుంచాడు.

"ఇది తీసెయ్యాలమ్మా. ఎవరైనా పోతే తలారి వచ్చి చెప్పాల. ఈయప్ప సంగతి ఎవరు చెబుతారు?"

మాలతి ఆ పేరు తెరమీదికి తెచ్చింది. తీసేయమంటావా అని మిషను అడిగింది. ఆమెకు ఏడుపొచ్చింది. చెయ్యి మీట దాకా పోయింది, ఆగింది. ఈ రోజుకు వద్దని నొక్కింది.

గోపాలస్వామి బయటికి పోయి, మళ్ళీ లోపలికి రాబోయి గడపలో ఆగాడు. వంగి బూట్ల దారాలు విప్పి, వాటిని కాస్త ఎడంగా పెట్టాడు. పక్కన టైరు చెప్పుల జత, ఎడమదానికి రాగితీగ కట్టుతో, వేళ్ళు రోడ్డువైపు పెట్టుకుని అక్కడే ఉంది.