బావ బండి కంటే ఎత్తు

సారవ్వ నోటికి అల్లుడి పేరు అతుక్కుపోయింది. పొద్దున లేస్తే "మా అల్లుడు". నల్లా కాడ బిందె పెడితే "మా అల్లుని సుమో". ఎవరైనా పలకరిస్తే చాలు, "మొన్న ఎములాడకు తోలుకపోయిండు, ముందట సీట్ల కూసోబెట్టుకొని" అని మొదలుపెట్టేది. గోదావరిఖనిలో ఆ బొగ్గుగని క్వార్టర్ల వరుసలో అల్లుడు వీరేందర్ సుమో సంగతి తెలియని ఇల్లు లేదు. ఇంతకీ ఈ మాటలన్నీ ఎవరింట్లో కూర్చుని అంటోంది? కొడుకు సంపత్ ఇంట్లో. ఎవరు వండింది తింటూ అంటోంది? కోడలు జమున వండింది. మరి కొడుక్కి కడుపు మండదా? మండింది, మామూలుగా కాదు!

మోకాళ్ల నొప్పులని ప్రతి నెలా తల్లిని మోటారుసైకిలు వెనక ఎక్కించుకుని దవాఖానకు తీసుకుపోయేది సంపతే. నైట్ షిఫ్టు దిగి, కళ్లు మూతలు పడుతున్నా లైన్లో నిలబడి మాత్రలు తెచ్చేదీ సంపతే. ఆ మాట నల్లా కాడ ఒక్కనాడైనా వచ్చిందా? రాలేదు. అల్లుడు ఒక్కసారి వేములవాడ తిప్పుకొచ్చాడు, ఆరునెలలుగా అదే పాట.

పోనీ వీరేందర్ చెడ్డవాడా, నాలుగు తిట్టి కసి తీర్చుకుందామంటే? అదే కదా అసలు బాధ! బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే నెమ్మదైన మనిషి. అక్క రమను పువ్వుల్లో పెట్టి చూసుకుంటాడు. బావమరిది కనబడితే "ఏం సంపతూ, మంచిగున్నవా?" అని భుజం మీద చెయ్యి వేస్తాడు. ఆ చెయ్యి పడ్డచోటల్లా సంపత్‌కు మంటే.

"ఈపారి మేడారం జాతరకు అవ్వ నా బండ్లె పోవాలె. నా పక్కపొంటి కూసోవాలె" అన్నాడొకరోజు అన్నం ముందు కూర్చుని.

"నీకు బండేది?" అంది జమున.

"కొంట."

"ఎందుకు? మీ బావది లేదా, అందరం పట్టేటంత?"

అంతే. అన్నం పళ్లెం అలాగే వదిలేసి లేచిపోయాడు.

సంపత్ ఓపెన్‌కాస్ట్ గనిలో డంపర్ నడుపుతాడు. నిచ్చెన ఎక్కి సీట్లో కూర్చుంటే కింద ఆఫీసర్ల జీపులు అగ్గిపెట్టెల్లా కనిపిస్తాయి. ఏళ్ల తరబడి అక్కడే కూర్చున్నవాడు కదా, ఎత్తు లేనిది ఆయన కంటికి బండిలాగే ఆనదు. నేరుగా మెకానిక్ హమీద్ షెడ్డుకు పోయాడు.

"పాత బండి కావాలె హమీద్ భాయ్. ఇంటిమంది అందరు పట్టాలె. తెచ్చినంక దాన్ని ఇంకింత పైకి లేపాలె."

"లేపుదాం అన్నా. ఏ తొవ్వల తిప్పుతవ్ మరి?"

"మా బావ బండి పోలేని తొవ్వల."

హమీద్ నవ్వాపుకోలేక చేతిలోని పానా కింద పెట్టేశాడు.

ఇద్దరూ బండ్ల వేటలో పడ్డారు. రామగిరి వైపు రిటైరైన ఫోర్‌మన్ ఒకాయన దగ్గర క్వాలిస్ ఉందంటే పోయారు. హమీద్ బండి కిందకు దూరి, ఒళ్లంతా మన్ను చేసుకుని బయటికి వచ్చాడు. "చాసిస్ సాఫ్‌గ ఉన్నది. తలుపులు పెద్దగున్నయ్. అవ్వలు, పిల్లలు ఎక్కనీకె ఇంతకన్న మంచిది దొర్కదు" అన్నాడు. సంపత్ ఆ మాట వింటేనా! బానెట్ పక్కన నిటారుగా నిలబడి, అది తన నడుము దాకా కూడా రాలేదని చూసుకున్నాడు. బావ ఇంటికి పోయిన ప్రతిసారీ ఊరికే ఆనుకున్నట్టు సుమో పక్కన నిలబడి కొలుచుకున్న మనిషాయె. దాని బానెట్ బొడ్డు దాకా వస్తుంది.

"వద్దు భాయ్. ఇది పొదిగే కోడి లెక్క కూసున్నది."

మంచిర్యాలలో ఒక స్కార్పియో చూశారు. పైకి పెళ్లికొడుకులా తళతళలాడుతోంది. హమీద్ కాళ్ల దగ్గరి పట్టా లేపితే కింద ఎండిన ఒండ్రుమట్టి. "నీళ్లల్ల మునిగిన బండి అన్నా, నడువ్" అన్నాడు. చివరికి కాసిపేటలో ఒక కాంట్రాక్టర్ దగ్గర సఫారీ దొరికింది. రంగు వెలిసింది, సీట్ల సందుల్లో బొగ్గుపొడి. కానీ కింద తుప్పు లేదు, ఇంజన్ దమ్ముగా ఉంది, నాలుగు చక్రాలూ గుంజుతాయి. సంపత్ బానెట్ పక్కన నిలబడ్డాడు. బొడ్డు దాటి పైకి వచ్చింది.

"గిదే!" అన్నాడు. పైసలు ఎట్లా తెచ్చాడన్నది వేరే కథ, దాని గురించి జమునను కదిలించకపోవడమే మంచిది.

"నాలుగు వేళ్ల మందం లేపితె చాలన్నా" అన్నాడు హమీద్. "ఎక్కువైతె మలుపుల కాడ ఊగుతది."

"బావ సుమో పక్కన పెడితె నేను దాని టాపు చూడాలె. లేపు!"

స్ప్రింగుల కింద ఇనుప దిమ్మెలు పడ్డాయి, పెద్ద టైర్లు వచ్చాయి, ముందర లైట్లు మెరిశాయి. అవి తెలంగాణ ఉద్యమం రోజులు. అందరిలాగే నంబరు ప్లేటు మీద ఏపీ చెరిపేసి టీజీ రాయించాడు, అదీ బావ రాయించిన దానికన్నా పెద్ద అక్షరాలతో. జాతరకు బయల్దేరే రోజు దాకా బండిని ఇంటికి తేలేదు, షెడ్డులోనే పట్టా కప్పి ఉంచాడు. తల్లి చూసేది బావ పక్కనుండగానే చూడాలి. అదీ ఆయన పంతం.

ఆ పొద్దు రానే వచ్చింది. అప్పటికే అక్క, బావ, పిల్లలు సుమోలో దిగి ఉన్నారు. సంపత్ హారన్ కొట్టుకుంటూ సఫారీని తెచ్చి సరిగ్గా సుమో పక్కనే ఆపాడు. క్వార్టర్లన్నీ బయటికొచ్చాయి. నిజంగానే సుమో టాపు కనిపించింది. ఆ ఒక్క నిమిషం సంపత్ రాజు!

"అబ్బో, ఏనుగు లెక్క ఉన్నది రా!" అంది సారవ్వ కొత్త చీర కొంగు సర్దుకుంటూ. మురిసిపోయింది పాపం, అబద్ధమెందుకు? "ఏడికెల్లి ఎక్కాలె కొడుకా?"

అప్పుడు చూశాడు సంపత్. తల్లి ఒక చేత్తో తలుపు పట్టుకుని కాలు లేపింది. కాలు అందలేదు. జమున పీట తెచ్చి వేసింది. పీట మీద నిలబడి మళ్లీ లేపింది. మోకాలు మడత పడలేదు, "అమ్మో" అని అరిచింది. సంపత్ ఎత్తుకోబోతే చేతి మీద ఒక్కటి కొట్టింది. "ఇడువ్ రా, అందరు చూస్తున్రు!"

వీరేందర్ మెల్లగా సుమో ముందు తలుపు తెరిచాడంతే. సారవ్వ పోయి కూర్చుంది. అమ్మమ్మ ఎక్కడుంటే పిల్లలక్కడ. అత్తను పట్టుకోవడానికి మనిషి కావాలని జమున కూడా అందులోకే పోయింది. అంత బండిలో సంపత్‌కు తోడు బెల్లం బుట్టలు, వంటపాత్రలు, వెనకాల ఒక మేకపోతు.

దారి పొడుగునా ముందు పోతున్న సుమోను చూస్తూ కుళ్లిపోయాడు. కాటారం దాటాక హారన్ కొట్టి ఆపించి, "బావా, పెద్ద రోడ్డు జామున్నది. అడవిల నుంచి అడ్డతొవ్వ పోదాం" అన్నాడు. అందులో వాగు ఉందని తెలుసు, ఇసుక ఉందనీ తెలుసు. మనసులో ఏముందో చెప్పాలా?

వాగులో నీళ్లు పిక్కల లోతే. సంపత్ ముందు దిగి ఒక్క ఊపున దాటేశాడు. వెనక సుమో నడిమధ్యలో ఇసుకలో కూర్చుంది. చక్రం తిరిగేకొద్దీ ఇంకా దిగింది. సంపత్ ఒడ్డున అద్దం దించుకుని, మోచెయ్యి బయట పెట్టుకుని కూర్చున్నాడు. ఇప్పుడు రాక ఏం చేస్తుంది అవ్వ? ఎలాగోలా ఎక్కించుకోవచ్చు. రానీ!

వీరేందర్ ప్యాంటు మడిచి దిగాడు. చెయ్యి అందించాడు. సారవ్వ ఆ చెయ్యి పట్టుకుని నీళ్లలోకి దిగింది, చల్లగా తగిలేసరికి పకపకా నవ్వింది. పిల్లలు నీళ్లు చల్లుకుంటూ వెనక వస్తున్నారు. అల్లుడి భుజం మీద బరువేసి మెల్లమెల్లగా ఒడ్డెక్కి, కొడుకు అద్దం కింద నిలబడి తల పైకెత్తింది.

"అండ్లనే కూసున్నవేంది రా? దిగు. జల్ది అల్లుని బండి గుంజు."

"నా సీటు కింద తాడు ఉన్నది సంపతూ" అన్నాడు వీరేందర్.

సంపత్ దిగాడు. సఫారీని వెనక్కి తెచ్చి తాడు కట్టి, ఒడ్డు మీదికి గుంజాడు. సుమో లేచొచ్చింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇప్పుడైనా అంటుందని చెవులు రిక్కించుకుని నిలబడ్డాడు. ఎడ్లబండి మీద పోతున్న జాతర జనాన్ని సారవ్వ కేకేసి పిలిచింది. "చూసిన్రా? మా అల్లుడు ముందుగాలనే తాడు పెట్టుకున్నడు! ఎంత ఉషారు!"

ఇక ఆగలేదు మనిషి. "గుంజింది నేను గదనే అవ్వా! దవాఖానకు తిప్పేది నేను, గుంజింది నేను, పేరు మాత్రం బావకా!" అన్నాడు. అంత పెద్ద డంపర్ తిప్పే మనిషికి కళ్లనిండా నీళ్లు.

సారవ్వ అటూ ఇటూ చూసి, అంగీ పట్టుకుని సఫారీ వెనక్కి లాక్కుపోయింది.

"మెల్లగ మాట్లాడు, అల్లుడు ఇంటడు" అంది. "నువ్వు గాకపోతె ఇంకెవలు గుంజుతరు రా? నా చెయ్యి నాకు బువ్వ పెట్టిందని నల్లా కాడ చెప్పుకుంటనా? అల్లుడంటె పరాయింటి పిలగాడు. చేసిందల్లా నోరార పొగడాలె. పొగిడితెనే నా బిడ్డ ఆడ సల్లగుంటది. నువ్వు నా కొడుకువు."

సంపత్ ముక్కు ఎగబీల్చుకున్నాడు. "గీ మాట నల్లా కాడ ఒక్కపారన్న అనరాదే?"

"అంటె అల్లుని చెవిల పడదా? ఎవ్వలకు చెప్పకు" అని కొడుకు చెంప తడిమి, అంతలోనే గొంతు పెంచింది. "అల్లుడా! పోదామా, ఎండ ముదురుతున్నది!"

సుమో ముందు కదిలింది. సంపత్ వెనకాల దుమ్ము మింగుతూ పోయాడు. అంత ఎత్తులో కూర్చుంటే సుమో వెనక అద్దంలోంచి అంతా కనిపిస్తోంది. ముందు సీట్లో అవ్వ వీరేందర్ వైపు తిరిగి చేతులు ఊపుకుంటూ ఏదో చెబుతోంది, ఆయన తల ఊపుతున్నాడు. పొగుడుతోంది. ఎందుకు పొగుడుతోందో ఇప్పుడు సంపత్‌కు బాగా తెలుసు. తెలిసినా కడుపు మండింది.