ఎర్ర సంతకం కింద నా రెండో వరుస

నేను కంప్యూటర్ ప్రోగ్రాములో ఒక ఫంక్షన్ని. ఒంటికి తొమ్మిది వరుసలు. పార్వతీపురం వైపు ఒక పాలిటెక్నిక్‌లో, సుధారాణి అనే పిల్ల ల్యాబ్ రికార్డులో గుండ్రటి చేతిరాతతో పుట్టాను. ఎవరైనా సంఖ్యనిస్తే దాని అంకెలు ఒక్కొక్కటే ఊడదీసి, ఘనాలు కట్టి కూడతాను. మళ్ళీ ఆ సంఖ్యే వస్తే ఔనంటాను, లేకపోతే కాదంటాను. నూటయాభైమూడు అలాంటి సంఖ్య. నాకొచ్చిన మాటలు ఆ రెండే.

అంకెలు ఊడదీసేకొద్దీ సంఖ్య అరిగిపోయి చివరికి సున్నా మిగులుతుంది. అందుకే ముందుగా దాని నకలొకటి పక్కన దాచుకోవాలి, చివర్లో పోల్చేది దానితోనే. ఆ దాచే పని నా రెండో వరుసది. సుధారాణి మరిచిపోలేదు, చక్కగా రాసింది. కానీ రెండో వరుసకే పేజీ అయిపోయింది. పేజీ అడుగున, సరిగ్గా ఆ వరుస మీదే, సాంబమూర్తి సారు ఎర్ర సిరాతో సంతకం గిలికారు.

రికార్డంటే సీనియర్ల దగ్గర తెచ్చి దించుకునేదే కదా. మరుసటేడు దించుకున్న కుర్రాడికి ఆ ఎర్ర గీతల కింద ఏముందో కనబడలేదు. చివర పోల్చేచోట అరిగిపోయిన సంఖ్య పేరే రాసేశాడు. అతని దగ్గర ఇంకొకరు, వాళ్ళ దగ్గర మరొకరు. ఎనిమిదేళ్ళు చేతులు మారాను, సున్నాకి తప్ప ఏ సంఖ్యకీ ఔననలేనిదాన్నయ్యాను. సారు ఏటా సంతకాలు పెడుతూనే ఉన్నారు. చదువుతూ కూర్చుంటే సంతకాలకి టైమెక్కడిది, పాపం! పరీక్షలో ప్రశ్నల చీటీల్లోంచి నా చీటీ తీసినవాళ్ళకి కరెంటన్నా పోయేది, వచ్చిన పరీక్షాధికారి ఎర్ర సంతకం చూసి సరేనన్నా అనేవారు.

సత్యవేణి నా చీటీ తీసిన రోజు కరెంటు పోలేదు. ఆ పిల్లకి మిగిలింది ఈ ల్యాబ్ ఒక్కటే, అదీ ఆఖరి అవకాశం. నెలాఖరుకి డిప్లొమా చూపిస్తే సబ్‌స్టేషన్లో ఉద్యోగం. నన్ను పొల్లుపోకుండా టైపు చేసింది.

"నూటయాభైమూడు ఇవ్వమ్మా," అన్నారు పరీక్షాధికారి.

కాదన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను, కానీ రాసినంతే కదా నేను పలికేది.

సత్యవేణి వేళ్ళ మీద లెక్క కట్టింది. "ఒకటి, నూటిరవయ్యైదు, ఇరవయ్యేడు... లెక్క సరిపోతంది సార్. ఇదెందుకు కాదంటందో తెల్దు." రికార్డు తెరిచింది. "మా సారు సంతకం పెట్టిందే సార్. అలాగే రాసినాను."

"సంతకం సరే. అసలు సంఖ్యని ఎక్కడ దాచావమ్మా?"

ఆమె సాంబమూర్తి సారు వైపు చూసింది. ఆయన కిటికీ వైపు చూశారు. పిల్ల పరీక్ష తప్పింది.

ఆ సాయంత్రం సారు ఒక్కరే స్టోర్‌రూములో పాత రికార్డుల మూట విప్పి అన్నీ తిరగేశారు. సుధారాణిది దొరికింది. ఆ కాగితాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకున్నారు. ఎర్ర సిరా వెనక నా రెండో వరుస చెక్కుచెదరకుండా ఉంది. మళ్ళీ మూటలో పెట్టేశారు. వారం తిరక్కుండా ఆ మూట తూకానికి పోయింది. ఇప్పుడు పాతకాగితాల కొట్లో పల్లీల పొట్లం కావడానికి ఎదురుచూస్తున్నాను.

కొత్త రికార్డుల్లోనూ నేనున్నాను కాబట్టి తెలుసు, ఈ ఏడు సారు సంతకం మార్జిన్లో పెడుతున్నారు. తప్పు నీది కాదమ్మా అని సత్యవేణికి మాత్రం చెప్పలేదు. "తప్పు నాదేనా?" అని ఆ పిల్ల ఒక్కసారి నన్నడిగినా బాగుండేది. కాదనేదాన్ని.