వల వదిలిన రంగు

తాబేలు మళ్లీ ఊపిరి ఆపేసింది. డాక్టరు దాని గొంతులోకి గొట్టం దించి గాలి కొడుతూనే, ఒంటికి బిగిసిన వలను కత్తిరిస్తోంది. బల్లకు అవతల రక్షణ కేంద్రం డైరెక్టరు, ఇన్‌స్పెక్టరు. ఇద్దరి మధ్యా బేడీలతో వల సొంతదారు.

ఆయన తీరాన చేపలు పట్టి బతికే ఒడ్డు జాతి మనిషి. ఈ రకం తాబేళ్లు నానాటికీ తరిగిపోతున్నాయి. ఒక్కటి గాయపడినా పోలీసు జీపు తిన్నగా ఒడ్డు జాతి గుడిసెలకే వెళ్తుంది. పొద్దున ఇది దొరికిందీ ఆయన గుమ్మం ముందే. నేరం రుజువైతే పడవ పోతుంది, వేట లైసెన్సు పోతుంది.

"వీళ్ల రక్తమే అంత డాక్టర్. మీలాంటివాళ్లకు అర్థం కాదు," అన్నాడు డైరెక్టరు.

ఆమె వలలో ఇంకో పోగు కత్తిరించింది. బేడీల మనిషి ఆమెకు స్వయానా బాబాయి. ఒడ్డు జాతి కాని తల్లి రంగు రావడంతో కేంద్రంలో ఎవరికీ అనుమానం రాలేదు, ఆమె చెప్పనూ లేదు. బాబాయి కూడా ముక్కూమొహం ఎరగనట్టు నిలబడ్డాడు.

"దాన్ని బతికించండి డాక్టరుగారూ. అది లేచి సాక్ష్యం చెబితే నాకు లాయరుతో పనుండదు," అన్నాడు.

తాబేలు బుస్సుమని గాలి పీల్చింది. ఇన్‌స్పెక్టరు కూడా టోపీ తీసి చెమట తుడుచుకున్నాడు.

డాక్టరు చివరి పోగు లాగేసి చేతులు చూసుకుంది. తడిసిన వల ఆమె తెల్లటి గ్లవ్స్ మీద ఊదా రంగు వదిలింది. పట్టుబడిన వలలను రోగాలు అంటకుండా ఊదా మందునీళ్లలో నానబెట్టి గదిలో పెట్టడం కేంద్రం పద్ధతి. తన వల కిందటి నెలే పట్టుకుపోయారని బాబాయి పొద్దుటి నుంచీ మొత్తుకుంటున్నాడు. ఇంకోటి అల్లుకుని ఉంటాడని డైరెక్టరు కొట్టిపారేశాడు.

వల కింద చిప్ప మీద వరసగా కోతలు. మోటారు రెక్క తగిలితే పడేవి. బాబాయిది తెడ్ల పడవ. ఆ నీళ్లలో మోటారు పడవకు అనుమతి ఒక్క కేంద్రానికే. తెల్లారగానే అతిథులను అందులో షికారు తిప్పుకొచ్చింది ఎవరో, వలల గది తాళంచెవి ఎవరి జేబులో ఉంటుందో ఆమెకు తెలుసు.

ఆమె గ్లవ్స్ విప్పి ఇన్‌స్పెక్టరు ముందు పెట్టి, వల ఎక్కణ్ణించి వచ్చిందో, కోతలు దేనివో చెప్పింది. అయితే ఇది ఎవరి పనని ఆయన అడిగాడు.

డైరెక్టరు నవ్వాడు. "ఆలోచించి మాట్లాడండి డాక్టర్. వీళ్లతో మీకేంటి సంబంధం?"

బాబాయి వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"ఈయన మా బాబాయి. నేనూ ఒడ్డు జాతిదాన్నే," అందామె. తర్వాత ఇన్‌స్పెక్టరు వైపు తిరిగింది. "తాబేలును పడవతో గుద్దింది డైరెక్టరుగారు. వల చుట్టి మా బాబాయి గుమ్మంలో పడేసిందీ ఆయనే."