బావ చేతులకు లైసెన్సు

కోర్టు మా అక్క మార్లిస్‌నూ వెర్లిన్‌నూ విడదీసింది గాని, నన్నూ వెర్లిన్‌నూ విడదీయమని ఎవరూ అర్జీ పెట్టలేదు. అందుకని మూడేళ్లయినా ఆయన్ని నేను బావా అనే పిలుస్తాను. ఆయన మా ఊళ్లో కైరోప్రాక్టరు. వెన్నుపూసలు పట్టేసినవాళ్లను బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, చేత్తో ఒక్క నొక్కు నొక్కి, టక్కుమనిపించి ఇంటికి పంపడం ఆయన వృత్తి. ఈ వైద్యం పుట్టిన డావెన్‌పోర్ట్ చుట్టుపక్కల మాకిది వానా ఎండా లాంటి విషయం. ప్రతివాడికీ ఒక వీపు ఉంటుంది, ఆ వీపుకో కథ ఉంటుంది. మా ఊళ్లో నడుం నొప్పి లేని మనిషిని సోమరిపోతు కింద జమకడతారు.

అక్క కోర్టు కచేరీలో పనిచేసి రిటైరైంది. చుట్టూ మొక్కజొన్నా ఆకాశమూ తప్ప ఏమీ లేని కూడలిలో కూడా స్టాప్ బోర్డు దగ్గర కారు పూర్తిగా ఆపి, ఎడమా కుడీ చూసి, మళ్లీ ఎడమ చూసి గాని కదలదు. అలాంటి మనిషి విడాకులకు వెళ్లిందంటే కారణం గట్టిదే అనుకున్నారంతా. తాగుడనీ, ఇంకో ఆడదనీ కొన్నాళ్లు ఆశగా ఎదురుచూశారు. అదేమీ కాదు. ఇన్నేళ్ల కాపురంలో బావ ఆవిణ్ని దగ్గరికి తీసుకున్న ప్రతిసారీ ఆయన చెయ్యి మెడ దగ్గర మొదలై వీపు మీదుగా కిందికి దిగేదట, పూసలు ఒక్కొక్కటే తడుముకుంటూ. మధ్యలో ఆగి, "ఇక్కడ కొంచెం పట్టేసినట్టుందే" అనేవాడట. పెళ్లిరోజు నాడూ అదే మాట. వాళ్లమ్మ పోయి అక్క ఏడుస్తుంటే ఓదారుస్తూ కూడా అదే మాట. వాళ్లమ్మ అంటే మా అమ్మే. ఆ రోజు నేను పక్కనే ఉన్నాను.

అయినా ప్రతి గురువారం మూడింటికి అక్క ఆయన బల్ల మీదికి వెళ్తూనే ఉంది. ఇదేం విడాకులే అని నేనడిగితే, మొగుడుగా వద్దనుకున్నానురా, డాక్టరుగా కాదు, ఈ జిల్లాలో అంత మంచి చెయ్యి ఇంకెవరికుంది అంది. బావకు మాత్రం వారం మొత్తం గురువారం చుట్టూ కట్టిన పందిరైపోయింది. బుధవారం క్షవరం. గురువారం ఉదయం ఇస్త్రీ చొక్కా. మధ్యాహ్నం భోజనంలో ఉల్లిపాయ ఉండదు. విడిపోయాక ఆయన ఆవిణ్ని ముట్టుకునే వేళ అదొక్కటే. అప్పుడైనా ఆవిడ ముఖం బల్లకున్న కంతలోంచి నేలను చూస్తూ ఉండేది.

ఆ కంతలోంచే ఒక గురువారం ఆవిడ అడిగింది. "లైసెన్సు రెన్యూ చేయించావా?"

బావ చేతులు మెడ మీదే ఆగిపోయాయి. లైసెన్సుకు గడువుంటుందని ఆయనకు తెలుసు. అయితే అది కరెంటు బిల్లులాగా తనే ఇంటికి వస్తుందనుకున్నాడు. ఇంతకాలం అది దానంతటదే అయిపోతూ ఉండేది. దానంతటదే అంటే, మార్లిస్ చేసేది. లైసెన్సులిచ్చే బోర్డువాళ్లు మెయిల్ మీద మెయిల్ పంపారు గాని, బావ మెయిల్ తెరిచేది చేపల వేట సామాను ధరలు చూడ్డానికే.

అక్క లేచి కూర్చుంది. గోడకున్న లైసెన్సు చూసి, గడువు నిన్నటితో అయిపోయిందని తేల్చుకుంది. కోటు తొడుక్కుని, ఆయనకేసి చూడకుండా, లైసెన్సు లేని చేత్తో చేయించుకోవడం తప్పు అని చెప్పి వెళ్లిపోయింది. బావ ఆ సాయంత్రమే దుకాణం తలుపుకు 'మూసివేయబడింది' అని అట్ట తగిలించాడు. మర్నాడు పొద్దున ముగ్గురు రైతులు ఆ అట్ట చదివి, ఆయన చచ్చిపోయాడనుకుని, చావింటికి తెచ్చినట్టు మా ఇంటికి కూర గిన్నెలు తెచ్చారు. మేం తినేశాం.

లైసెన్సు మళ్లీ పుట్టించాలంటే క్లాసులకు వెళ్లాలి, సర్టిఫికెట్లు జతచేయాలి, బోర్డు కూర్చునే దాకా ఆగాలి. బావ వారాంతాల్లో డావెన్‌పోర్ట్ వెళ్లి, తనకు మనవలయ్యే వయసు డాక్టర్ల మధ్య కూర్చుని, నలభై ఏళ్లుగా చేస్తున్న పనిని కొత్తగా నేర్చుకుని వచ్చేవాడు. విరామంలో వాళ్లంతా ఒకరి మెడలు ఒకరు సరిచేసుకుంటుంటే, ఈయన చేతులు జేబుల్లో పెట్టుకుని, విందు వాకిట్లో ఉపవాసమున్నవాడిలా నిలబడేవాడట.

ఇంట్లో ఆ చేతులకు పని లేదు. సోఫా దిండ్లు నొక్కాడు. రొట్టెపిండి అంత అవసరమా అన్నంతగా పిసికాడు. మా ఇంటికొచ్చినప్పుడు మా లాబ్రడార్ కుక్కకు నడుం పట్టేసిందని దాన్ని పిలిచాడు గాని, జంతువులకు వేరే అనుమతి ఉండాలని గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కుక్క నిరాశపడింది. గురువారం మూడింటికి మాత్రం ఆయన దుకాణం తెరిచి, దీపాలు వేయకుండా, బల్లకున్న కాగితం మార్చి, ఓ గంట కూర్చుని వచ్చేవాడు. నేనొకసారి వెళ్లి చూశాను. బల్ల తల దగ్గర నిలబడి ఉన్నాడు. ఏం చేస్తున్నావు బావా అంటే, ఏం లేదురా, పాడవకుండా చూసుకోవాలి కదా అన్నాడు. దేన్నో చెప్పలేదు.

అక్క మెయిన్ రోడ్డులో కొత్తగా పెట్టిన కోల్బీ అనే కుర్రాడి దగ్గరికి మారింది. అతని దగ్గర గోడకు టీవీ ఉంది, చేతికి బదులు టిక్కుమనే చిన్న యంత్రం ఉంది. ఆవిడకు అది నచ్చలేదు. వాడికి లైసెన్సు ఉంది అనేది, అంతే.

అలా శీతాకాలం గడిచింది. ఈస్టరు తరవాతి ఆదివారం చర్చిలో పాస్టరు ఒకరికొకరు సమాధానం, అంటే శాంతి కలగాలని, చెప్పుకోమన్నాడు. మా లూథరన్ శాఖవాళ్లు ఆ తంతును రెండు వేళ్ల కరచాలనంతో, చూపులు కలవకుండా ముగిస్తారు. నేను కుడివైపు తిరిగాను. నా వెనకాల టక్కుమని చప్పుడైంది. ఎండుకొమ్మ విరిగినట్టు, చర్చి అంతా వినిపించేలా. చూద్దును కదా, బావ రెండు చేతులూ అక్క చుట్టూ ఉన్నాయి. ఇద్దరూ బిగుసుకుపోయి ఉన్నారు. ముందు వరసలోంచి ముసలావిడ ఆర్డిత్ ఇటు తిరిగి, "అబ్బ, మంచిది పడింది" అంది, ఆ వీపు తనదే అయినంత తృప్తిగా.

ఆ తరవాతి ఆదివారాల్లో మా చర్చి చరిత్రలో ఎన్నడూ లేనంత ప్రేమ పొంగింది. పదేళ్లుగా బావతో మాట్లాడని వాళ్లు కూడా నడుం చేత్తో పట్టుకుని వచ్చి, సమాధానం వెర్లిన్, అంటూ వీపు అప్పగించేవారు. ఊరికే వస్తే పూస సర్దుడు కూడా పుణ్యమే. బావ చేతులు వెనక్కి కట్టుకుని తలూపేవాడు. అక్క ఇంకో వరసకు మారి కూర్చుంది. ఇంకెప్పుడైనా కౌగిలించుకుంటే మనిషిని కౌగిలించుకోమను, వెన్నెముకని కాదు, అని నాతో కబురు పంపింది. నేను చెప్పలేదు.

దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంటుంది. లైసెన్సు లేని కాలంలో ఎవరికైనా వైద్యం చేశారా? ఎవరైనా 'లేదు' అని రాసి సంతకం పెడతారు. బావ నా వంటింటి బల్ల దగ్గర కూర్చుని పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు. లేదని రాయి బావా అన్నాను. చప్పుడైంది కదరా అన్నాడు. చర్చిలో జరిగింది చర్చిలోనే పోతుందన్నాను. చివరికి మా వైపు మనిషి తప్ప ఇంకెవడూ రాయని మాట రాశాడు: 'ఒకసారి, బహుశా.'

ఆ బహుశా మూలంగా బోర్డు ఆయన్ని విచారణకు పిలిచింది. సాక్షిగా అక్క ఫోన్లో మాట్లాడితే చాలన్నారు. సాక్ష్యం ఫోన్లో చెప్పేదేమిటని ఆవిడ ముదురు నీలం గౌను తొడుక్కుని బయల్దేరింది. నేను కారు నడిపాను. బావ ముందు, అక్క వెనక. బోర్డు కూర్చునే డెమోయిన్ దాకా ముగ్గురం వానల గురించి మాట్లాడుకున్నాం. వానలు లేవు.

బోర్డులో ఉన్నది ముగ్గురు కైరోప్రాక్టర్లు. అధ్యక్షురాలు హాల్వర్సన్ మంచి మనిషి. బావ చేత ప్రమాణం చేయించి, దారి తనే చూపించింది. "డాక్టరు గారూ, చర్చిలో అందరూ పలకరించుకునేదే కదా. మర్యాదకి దగ్గరికి తీసుకున్నారు, అనుకోకుండా చప్పుడైంది. అంతేనా?"

అవునంటే అయిపోయేది. కారు వేడి చల్లారక ముందే తిరుగు ప్రయాణం.

"మర్యాదకి కాదండీ," అన్నాడు బావ.

"అయితే వైద్యం చేశారా?"

"అదీ కాదండీ. చాలా నెలలైంది ఆవిడ నా దగ్గరికి వచ్చి. ఆ రోజు ఎదురుగా నిలబడింది. చేతులు చాపాను."

చివర కూర్చున్న ముసలి డాక్టరుకు ఈ గొడవంతా పట్టలేదు. అసలు సంగతి అడిగాడు. "ఇంతకీ సర్దుకున్నది ఏ పూస?"

బావ వీధి అవతల నడిచేవాడి చొక్కా ముడత చూసి పూస నంబరు చెప్పగలడు. "తెలీదండీ," అన్నాడు.

"తెలీదా? పైదో కిందదో?"

"నేను చూసుకోలేదండీ."

పాస్టరు లేచి నిలబడి ప్రభువు ప్రార్థన మర్చిపోయానని చెప్పినట్టు, బోర్డు ముగ్గురూ ఆయనకేసి చూశారు. ముసలి డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, వృత్తికే తలవంపు వచ్చినట్టు. నేను అక్కకేసి చూశాను. ఆవిడ ఒడిలో బ్యాగు పిడి రెండు చేతులతో పట్టుకుని, బావ వీపుకేసి చూస్తోంది. మీకు వైద్యంలా అనిపించిందా అమ్మా అని హాల్వర్సన్ వేసిన ప్రశ్న ఆవిడకు రెండోసారి గాని వినపడలేదు.

"వైద్యం ఎలా ఉంటుందో నాకు తెలుసండీ," అంది. "అది కాదు."

మధ్యాహ్నానికి లైసెన్సు మంజూరైంది. బావ పార్కింగులో నిలబడి, మెడ మీద టై వదులు చేసుకుని, నేలకేసి చూస్తూ, గురువారం మూడింటికి బల్ల సిద్ధంగా ఉంటుందన్నాడు.

"రాను," అంది అక్క.

"అదేమిటి, లైసెన్సు ఇచ్చారుగా."

"నీ క్లాసుల్లో నీతినియమాల పాఠం లేదా? పేషెంటు మీద మనసున్న డాక్టరు ఆ పేషెంటును ముట్టుకోకూడదు. నువ్విందాక ప్రమాణం చేసి మరీ చెప్పొచ్చావు."

"అది నిజమే కదే."

"నిజం కాబట్టే రాను."

బావ చేతులకేసి చూసుకున్నాడు. ఇంతకాలం వాటికి లైసెన్సు లేక ఆవిడ లేదు. ఇప్పుడు లైసెన్సుంది. "మరి నీ వీపో?" అన్నాడు.

"కోల్బీ ఉన్నాడు."

"వాడికి చెయ్యి లేదే."

"నాకు తెలుసు," అని అక్క కారెక్కింది. ఈసారి వెనక సీట్లో నేనే కూర్చోవలసి వచ్చింది. కారు బావ నడిపాడు, స్టాప్ బోర్డు కనపడ్డచోటల్లా పూర్తిగా ఆపుతూ.

ఇప్పుడు బావ దుకాణం ముందు మళ్లీ ట్రక్కులు నిలబడుతున్నాయి. గురువారం మూడింటికి మాత్రం అది మూసి ఉంటుంది. మొన్న గురువారం నేను కోల్బీ దగ్గర ఉన్నాను. బావకు లైసెన్సు లేని రోజుల్లో నేను ముందే డబ్బు కట్టిన ప్యాకేజీ ఇంకా మిగిలుంది, నొప్పి లేకపోయినా వదులుకోలేం కదా. అక్క లోపల బల్ల మీద ఉంది. బావ బయట, ఇస్త్రీ చొక్కాలో, టోపీ మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు. గోడ అవతల యంత్రం టిక్కుమన్నప్పుడల్లా ఆయన వేళ్లు టోపీ అంచు మీద కొంచెం పైకో కిందికో జరిగేవి. నోరు మాత్రం మెదపలేదు.

ముందు గదిలో పేర్లు రాసుకునే చోట కొత్తగా చేరిన అమ్మాయి ఆయన్నెరగదు. మీరు పేషెంటాండీ అని అడిగింది. కాదన్నాడు. డాక్టరు గారితో పనా అని అడిగింది. నలభై ఏళ్లు డాక్టరు గారనిపించుకున్న మనిషి, తలుపుకేసి చూశాడు.

"కాదమ్మా. లోపల ఉన్నావిడతో వచ్చాను," అన్నాడు.

ఆ అమ్మాయి సరేనని కంప్యూటరుకేసి తిరిగింది. కాసేపయ్యాక, ఎవరూ అడక్కుండానే, ఆయన ఆ మాట ఇంకొకసారి చెప్పాడు.