కబురు చెప్పినవారి గడి

ఆ అడ్డగీత ఉన్నచోట ఎవరి పేరు ఉండాలి?

ప్రూఫు అంచున ఎర్రసిరాతో ఆమె వేసిన ప్రశ్న ఇది. ముప్ఫై నాలుగేళ్లు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిన మనిషి. పరుల తప్పులు పట్టుకోవడమే బతుకుతెరువుగా బతికి, కళ్లజోడు అద్దాలు మందమెక్కాక ఉద్యోగం చాలించుకుంది. మేనమామ తమ వంశచరిత్రను పుస్తకంగా వేయిస్తూ, ఇంట్లోనే దిద్దే మనిషి ఉండగా బయటివాళ్లెందుకని, కట్ట తెచ్చి ఆమె బల్లమీద పడేశాడు. నూట పన్నెండు పుటలు. తాతల పేర్లు, ముత్తాతల పేర్లు, వాళ్లు చేసిన ఉద్యోగాలు, కట్టించిన మేడలు, ఆఖరికి ఒకాయన పెంచిన గుర్రం పేరు సైతం ఉన్నాయి. తొంభై ఆరో పుటలో తాతగారి పేరు కింద ‘మొదటి భార్య’ అని ఉండి, దాని ఎదుట ఒక అడ్డగీత ఉంది. గీత కింద ‘ఒక కుమార్తె’ అని ఉంది.

ఆ ఒక కుమార్తె పక్కగదిలో కిటికీ దగ్గర కూర్చుని బఠానీలు ఒలుస్తోంది. ఎనభై ఎనిమిదేళ్లు. ప్రూఫులు దిద్దే మనిషికి కన్నతల్లి.

“మామయ్యా, తొంభై ఆరో పేజీలో పేరు పడలేదు,” అంది ఆమె ఫోనులో.

“పడకపోవడమేమిటి? నేనే వెయ్యలేదు. లేచిపోయిన మనిషి పేరు ఎవరికి గుర్తుంటుందే?”

“గుర్రం పేరు గుర్తుంది కదా.”

“ఇదిగో, నిన్ను కామాలు దిద్దమన్నాను గానీ కాపురాలు దిద్దమన్నానా? నెలాఖరుకి కట్ట తిరిగి ఇచ్చెయ్, అంతే!”

మేనమామ చెడ్డవాడు కాడు. తాతగారి రెండో భార్య కొడుకు. పుట్టకముందు జరిగినదాన్ని విన్నది విన్నట్టు నమ్మాడు. ఆ ఇంట అందరూ విన్నది ఒకటే: ఆ మనిషి ఒక మధ్యాహ్నం నాలుగేళ్ల పిల్లను వదిలి గడప దాటింది, మళ్లీ రాలేదు. ఆ పిల్ల పెరిగి పెద్దదై, తానూ తల్లయి, ముసలిదైంది. వీధి చివరి దుకాణానికి వెళ్లాలన్నా, ఎక్కడికి వెళుతున్నదీ ఎంతసేపట్లో వస్తున్నదీ పిల్లలకు చెప్పిగాని చెప్పుల్లో కాలు పెట్టేది కాదు. తన తల్లిని గురించి ఏనాడూ పెదవి విప్పలేదు. ఈమధ్య జ్వరం వచ్చి తగ్గాక మాత్రం ఒక ఉదయం, మంచినీళ్లు అడిగినంత మామూలుగా అడిగింది.

“అమ్మాయ్, మా అమ్మ పేరేమిటో నీకేమైనా తెలుసా?”

ఎనభై నాలుగేళ్లు కడుపులో దాచుకున్న ప్రశ్న. అది తీరకుండానే తల్లి వెళ్లిపోతుందేమోనన్న భయం ఆ రోజు నుంచి కూతురి గుండెలో తిష్ఠవేసింది.

ప్రాంతీయ రికార్డు ఆఫీసులో గుమాస్తా పుట్టుకల రిజిస్టర్ల సూచిక తిరగేసి, తల్లి పేరు లేదని తల అడ్డంగా ఊపాడు. అప్పుడామె వంశశోధకురాలి దగ్గరికి వెళ్లింది. ఊరివాళ్ల వంశాలను పాత కాగితాల్లో వెతికిపెట్టడమే వృత్తిగా గల మనిషి; అంతకుముందు అదే రికార్డు ఆఫీసులో పుస్తకాలు కుట్టే బైండరు. గడియారాల దుకాణం మీది గదిలో ఉంటుంది. గదినిండా జిగురు వాసన; బైండింగు పని మానేసినా బల్లకు దారం కండెలు ఇంకా వేలాడుతూనే ఉన్నాయి.

“విన్నవి ఒక కాగితం మీద రాయండి. కళ్లారా చూసినవి ఇంకో కాగితం మీద,” అంది శోధకురాలు.

విన్నవాటి కాగితం రెండువైపులా నిండింది. చూసినవాటి కాగితం మీద ఒకే మాట పడింది: అమ్మ.

“ఆఫీసులో లేదన్నారండి.”

“లేదన్నది రిజిస్టరు కాదు, సూచిక. సూచిక రాసినవాళ్లు మొదటి మూడు గడులే చదివారు. తేదీ, బిడ్డ, తండ్రి. అక్కడితో వాళ్లకి పని అయిపోయింది.” శోధకురాలు నవ్వింది. “నేను వెన్ను ఊడిన రిజిస్టర్లు కుడుతూ ఆఖరి గడి కూడా చదివేదాన్ని. జిగురు ఆరేదాకా నాకు మాత్రం ఇంకేం పని?”

ఆఖరి గడి శీర్షిక ‘కబురు చెప్పినవారు’, అంటే పుట్టుకో చావో ఆఫీసుకు వచ్చి తెలిపిన మనిషి. తల్లి గడిలో గుమాస్తాలు తరతరాలుగా ‘పై వారి భార్య’ అనే రాశారు, అడిగినవాడు లేడు. కబురు చెప్పినవారి విషయంలో నియమం వేరు. ఎదుట నిలబడి కబురు చెప్పిన మనిషి సొంత పేరు, చిరునామా, సంతకమో వేలిముద్రో లేకపోతే ఆ నమోదు చెల్లదు. ఆడదానికి పేరెందుకనుకున్న గుమాస్తా సైతం, ఆడది వచ్చి ఎదుట నిలబడితే, తన ఉద్యోగం కోసం ఆమె పేరు రాయక తప్పదు.

ఇద్దరూ వెళ్లి కూర్చున్నారు. రికార్డు గదిలోకి సిరా తీసుకువెళ్లనివ్వరు. ముప్ఫై నాలుగేళ్లు చేతిలో మెదిలిన ఎర్ర పెన్నును గుమ్మం దగ్గర అప్పగించి, ఆమె పెన్సిలు పుచ్చుకుంది. శోధకురాలు ఒక్కొక్క వరుస కింద తెల్లకాగితం పట్టీ ఆనించి, ఎడమవైపు చూడకుండా, నేరుగా ఆఖరి గడిలోనే తాతగారి ఇంటి నంబరు కోసం వెతుకుతూ పోయింది. మూడో రోజు మధ్యాహ్నం పట్టీ ఆగింది.

బిడ్డ: ఆడ. తండ్రి: తాతగారి పేరు. తల్లి: పై వారి భార్య. ఆఖరి గడిలో ఒక పేరు, ఇంటి నంబరు, ‘బిడ్డ తల్లి’ అన్న రెండు మాటలు, కింద సంతకం. కొత్తగా నేర్చుకున్న చేతిరాత. ప్రతి అక్షరాన్నీ పడిపోకుండా నిలబెట్టినట్టు రాసింది. పుట్టిన తేదీకి, కబురు తేదీకి మధ్య పదకొండు రోజులు. ఆడపిల్ల పుట్టిందని రాయించడానికి తండ్రి కదల్లేదు. పచ్చి బాలింత నడిచివచ్చి రాయించింది.

ప్రూఫులు దిద్దిన మనిషి లేవబోయింది.

“కూర్చోండి. పేరు దొరికింది, మనిషి ఇంకా దొరకలేదు,” అంది శోధకురాలు.

మనిషి ఆ తర్వాతి రిజిస్టర్లలో దొరికింది. నాలుగేళ్లలో అరవై మూడు పుట్టుకలకు కబురు చెప్పింది ఆ సంతకమే. ‘బిడ్డ తల్లి’ అన్నచోట ఇప్పుడు ‘మంత్రసాని’ అని ఉంది. రానురాను అక్షరాలు కుదురుకున్నాయి. అరవై నాలుగో కబురు ఆమెను గురించి. మరణ రిజిస్టరులో, వేరే వీధి, ఏడో నంబరు ఇల్లు, కారణం కలరా. కబురు చెప్పినవాడు ఆ ఇంటి యజమాని. అదే ఇంట్లో అంతకు రెండురోజుల ముందు ఒక మగబిడ్డ పుట్టాడు. కలరాకు భయపడి వీధంతా తలుపులు బిగించుకున్న వేళ ఆ ఇంటికి పురుడు పోయడానికి వెళ్లి, బాలింతను వదిలిరాలేక అక్కడే ఉండి, అక్కడే పోయింది. పక్కన గుమాస్తా చిన్న అక్షరాలతో రాశాడు: ‘మృతురాలి భర్తకు రెండుసార్లు కబురు పంపబడినది. రాలేదు. ఖననము మునిసిపాలిటీ వారిచే జరిగినది.’

“ఈ వీధికీ మీ తాతగారి వీధికీ మధ్య ఎంత దూరమంటారు?” అంది ఆమె.

“నడిస్తే పావుగంట.” శోధకురాలు పెన్సిలు కింద పెట్టింది.

కబురు అందింది. అందినవాడు కదల్లేదు సరికదా, పురుళ్లు పోసే భార్య కంటే లేచిపోయిన భార్యే తన పరువుకు నయమని లెక్కవేసుకున్నాడు. తొంభై ఆరో పుట ఆయనను ‘సత్యసంధుడు’ అంటోంది. ఆ మాటలో అచ్చుతప్పు ఒక్కటీ లేదు.

ఇద్దరూ ఇంటికి వచ్చి చెబుతుంటే తల్లి అంతా వింది. ఒడిలోని గిన్నె పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంది.

“ఆ బిడ్డ బతికాడా?”

శోధకురాలికి ఆ ప్రశ్న ముందే తట్టింది. “బతికాడమ్మా. ఆరేళ్లకి బడిలో చేర్చినట్టు బడి రిజిస్టరులో ఉంది.”

“అయితే వెళ్లిన పని చేసుకునే పోయింది.” కిటికీ వైపు తిరిగింది. తర్వాత ఆ పేరును పైకి అంది. మొదటిసారి మెల్లగా, రెండోసారి, వాకిట్లో ఉన్నవాళ్లను లోపలికి పిలిచినట్టు. “వస్తానని చెప్పే వెళ్లి ఉంటుందే. నాకే గుర్తులేదు.”

ఆమె కళ్లు తుడుచుకోలేదు. ప్రూఫు తెమ్మంది. అడ్డగీతను కొట్టేసి, పైన తల్లి పేరు రాసింది.

నెలాఖరున మేనమామ వచ్చాడు. తొంభై ఆరో పుట చూసి ముఖం ముడుచుకున్నాడు.

“అక్కా, పేజీలన్నీ కుదిరిపోయాక ఇప్పుడిదేమిటే? నలుగురూ ఏమనుకుంటారు?”

“మా అమ్మ లేకపోతే నేనెక్కణ్ణుంచి ఊడిపడ్డానురా? మన తాతల గుర్రం మీంచా?”

మేనమామ మేనకోడలు అందించిన రిజిస్టరు నకలు తీసుకుని నిలబడే చదివాడు. ‘రెండుసార్లు’ అన్నచోట వేలు ఆగింది. తర్వాత అక్క పక్కన, ఆమె మంచం మీదే, చిన్నపిల్లవాడిలా కూర్చున్నాడు.

“నాన్న ఏనాడూ చెప్పలేదే,” అన్నాడు.

“నీకు చెప్పలేదు. నాకు అబద్ధం చెప్పాడు.”

పుస్తకం వచ్చింది. తొంభై ఆరో పుటలో పేరు ఉంది. తల్లి ఆ పుట మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు ఉంచింది. అంతకుమించి ఆ పుస్తకంలో ఆమెకు చదవవలసింది ఏమీ లేదు. కూతురు మాత్రం పాత అలవాటు కొద్దీ మొదటి పుట నుంచి చివరిదాకా చదివింది. ప్రూఫులో ఆ ఒక్క గీత దగ్గరే ఆగిన కంటికి ఆననివి, ఇంకా నలభై ఒక్క అడ్డగీతలు ఉన్నాయి. ఫోను చేసింది.

“మిగతావాళ్ల గురించి ఎవరూ అడగలేదు కదే!” అన్నాడు మేనమామ, నిజంగానే ఆశ్చర్యపోతూ.

ఆ అమ్మమ్మ పేరు ఇక్కడ రాయలేదు. రాసి ఉంటే, ఒక పేరు తెలిసిందన్న తృప్తితో చదివినవారు పుస్తకం మూసి పక్కన పెట్టేవారు. మీ అమ్మమ్మ తల్లి పేరేమిటి? తెలిస్తే ఈ కాగితం అంచున ఇప్పుడే రాయండి. తెలియకపోతే రేపు రికార్డు ఆఫీసు తెరిచేవేళకు గుమ్మంలో ఉండండి. సూచిక కాదు, రిజిస్టరు అడగండి. ఆఖరి గడి చదవండి.